మల్లప్పకు దొరకని సెట్టింగ్స్

రౌటర్ సెట్టింగ్స్ తెరుచుకోకపోవడం కుటుంబానికి మహాభాగ్యం! నవ్వకండి. నమ్మకం లేకపోతే సోలాపూర్ దాజీ పేట్‌లో మల్లప్ప ఇంటికి వెళ్లి చూడండి.

పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసే మల్లప్పకు ఒకటే పంతం. తను పనికెళ్లిన వేళ, పదకొండు నుంచి ఐదు దాకా, వెనక గదిలో వైఫై రాకూడదు. ఎందుకంటే అక్కడ కోడలు తృప్తి బీడీలు చుడుతూ, గోడకానించిన ఫోన్‌లో బాల్వాడీ టీచర్ కోర్సు వింటోంది. చివరి పరీక్ష శుక్రవారం. చెవిలో చదువు పడితే చేతిలో బీడీ వదులవుతుందని మల్లప్ప సిద్ధాంతం! తీగ పీకి వెళ్తే వెనకే మళ్లీ పెట్టేస్తారు. అందుకే సెట్టింగ్స్‌లోనే టైమింగ్ పెట్టాలంటాడు.

కానీ అది మామూలు రౌటరా? తృప్తి పుట్టింటి నుంచి తెచ్చిన పాతది. ముందు గదిలోని కొత్త రౌటర్ డబ్బాకు తీగతో కలిపి, సిగ్నల్ అందించే యాక్సెస్ పాయింట్‌గా వెనక గదిలో పెట్టింది. పుట్టింట్లో దానికంటూ ఒక అడ్రస్, అంటే సెట్టింగ్స్ పేజీ తెరిచే నంబరు, ఉండేది. అత్తింట్లో ముందు గది డబ్బా ఏ నంబరిస్తే అదే అడ్రస్! అడుగున స్టిక్కర్ మీద మాత్రం పాతదే ఉంది. మల్లప్ప రోజూ ఫోన్‌లో ఆ పాత నంబరే కొడతాడు. పేజీ రోజూ రాదు.

ఎన్ని లాభాలో చూడండి! పెళ్లిరోజు గుర్తులేని మనిషికి ఎనిమిది అంకెలు, మూడు చుక్కలు కంఠస్థమయ్యాయి. ఎవరినీ పలకరించనివాడు కొంతం చౌక్‌లో ప్రతివాడినీ ఆపి సలహా అడుగుతున్నాడు. ఒకాయన పది నిమిషాలు ఆపి పెట్టమన్నాడు. ఇంకొకాయన రౌటర్‌ను తూర్పుకు తిప్పమన్నాడు. తిప్పాడు కూడా! ఇంత ఓర్పు ఏ యోగాసనం నేర్పుతుంది?

గురువారం పొద్దున మళ్లీ కొట్టాడు.

"తృప్తీ, ఏందే ఇది? స్టిక్కర్ మీదున్నదే కొడుతున్న గద!"

"బరాబరే కొడుతున్నరు మామా. ఇంకోపారి చూడున్రి," అంది కోడలు వినయంగా.

"దీంట్ల అసలు సెట్టింగే లేదు!" అని తేల్చేసి మల్లప్ప కార్ఖానాకు వెళ్లిపోయాడు.

శుక్రవారం తృప్తి పరీక్ష రాసింది. పాసయ్యింది! అప్పుడు తీరిగ్గా ఫోన్‌లో వేరే నంబరు కొట్టింది. సెట్టింగ్స్ చటుక్కున తెరుచుకున్నాయి. రౌటర్‌ను బిగించిన రోజే, ముందు గది డబ్బా దానికిచ్చిన కొత్త నంబరు చూసి రాసిపెట్టుకుంది మరి! రోజంతా బీడీలు చుట్టే చేతులు కాస్త చదువుకోవడానికి ఇంత గూఢచర్యం చేయాలా? ఒళ్లు మండదూ!

పక్కనే బీడీ ఆకు కత్తిరిస్తున్న అత్త చంద్రభాగ ఫోన్‌లోకి తొంగిచూసింది.

"దీంట్ల మీ మామ ఫోన్ బంద్ చేసేది గూడ ఉంటదా?"

"ఉంటది అత్తమ్మా."

"అయితే ఆ నంబరు నాకు గూడ రాసియ్యి బిడ్డా," అంది చంద్రభాగ. "రేపు ఆయనకు సుట్టీ. దినమంతా ఇంట్లనే ఉంటడు."