పిల్లల పట్టీల లాగుల చరిత్ర: మా ఊరి అధికారిక ప్రతి

కాటన్‌వుడ్ బెండ్ వర్తక సంఘం కార్యదర్శి హోదాలో, మా ఊళ్లో పిల్లల పనిబట్టల చరిత్రను ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను. ఇందులోని సంగతులన్నీ సభ్యులకు తెలిసినవే. తెలియనట్టు వినవలసిందిగా మనవి.

పూర్వం మా నెబ్రాస్కా పొలాల్లో పిల్లలకు పనిబట్టలంటూ వేరే ఉండేవి కావు. పని మాత్రం ఉండేది. తండ్రి లాగు మోకాళ్ల దగ్గర చిరిగితే కత్తిరించి పెద్దకొడుక్కి, వాడు చింపగా మిగిలింది చిన్నవాడికి తొడిగేవారు. ఆడపిల్లలకు పిండిసంచీ గౌన్లు. మా ఊరి ఏకైక బట్టల కొట్టు యజమాని ఆంబ్రోస్ పెటిబోన్ గారు పిల్లవాడంటే పొట్టి రైతేననీ, పొట్టి రైతుకు వేరే సరుకు తెప్పించడం దండగనీ అభిప్రాయపడేవారు. మేమూ అలాగే అభిప్రాయపడేవాళ్లం, వేరే కొట్టు లేదు కనుక.

అంతలో షికాగో నుంచి, పోస్టులో సరుకులమ్మే కంపెనీవారి దిండంత లావు కేటలాగు ఇంటింటికీ వచ్చిపడింది. దాని చివరి పేజీల్లో భుజాల మీదుగా పట్టీలున్న నీలం లాగు వేసుకుని ఒక పిల్లవాడు నవ్వుతున్నాడు. చేతిలో పార ఉంది. తొడ పక్కన సుత్తి తగిలించుకునే కుట్టుతో సహా అచ్చం నాన్న వేసుకునే లాగే. ఈ శ్రామిక వస్త్రాన్ని మొట్టమొదట తెప్పించినవారు బ్యాంకు మేనేజరు గారు, ఆ తరువాత పళ్ల డాక్టరు గారు. వారి పిల్లలు సుత్తి కుట్టులో మిఠాయి కర్ర తగిలించుకుని, పనివేళల్లో ఊరంతా గంభీరంగా తిరిగారు.

పెటిబోన్ గారికి ఒళ్లు మండింది. సంఘం తరఫున బజారు మధ్యలో మంట ఏర్పాటు చేయించి, కేటలాగు తెచ్చి అందులో పడేసిన ప్రతి ఇంటికీ బొమ్మలాటకు ఉచిత టిక్కెట్టు ప్రకటించారు. బల్ల మీదికెక్కి చక్కగా మాట్లాడారు కూడా.

"సోదరులారా, ఈ పుస్తకం మన ఊరి గొంతు కోస్తుంది. ఇవాళ పోస్టులో లాగు కొన్నవాడు రేపు పోస్టులో పెళ్లాన్ని తెప్పించుకోడని ఏమిటి నమ్మకం?"

ముందు వరసలో ఇద్దరు పెద్దమనుషులు బూట్ల వంక చూసుకున్నారు. వారి భార్యలు అలా వచ్చినవారే, చాలా మంచివారు కూడా. కేటలాగులన్నీ దివ్యంగా కాలాయి. అందరం చప్పట్లు కొట్టి బొమ్మలాటకు వెళ్లాం. పిల్లల లాగుల పేజీ కూడా అందులోనే కాలిపోయిందని మర్నాడు కాఫీ తాగుతూ ఊరు ఊరంతా గ్రహించింది.

ఒక్క ప్రతి మిగిలింది. ఊరి చివర ఓస్ట్‌మన్ గారి పొలంలో, పెరటి మరుగుదొడ్డిలో, మేకుకు వేలాడుతూ, తుడుచుకునే కాగితంగా రోజుకు కొన్ని పేజీల చొప్పున ప్రజాసేవ చేస్తోంది. దాని కాపలా ఆ ఇంటి పిల్ల టిల్డాది. తొమ్మిదేళ్లది, ఆవులు పితుకుతుంది, మొక్కజొన్న ఒలుస్తుంది. గౌను ముళ్లకంచెకు చిక్కుకుని ఆబోతు ముందు బోర్లా పడ్డప్పటి నుంచీ దానికి ఒకటే కోరిక, పట్టీల లాగు. అవి మగపిల్లలవని తల్లి అంటే, "నేను మగపిల్లాడినా ఆడపిల్లనా అని ఆవు అడిగిందా అమ్మా?" అంది. కోతలయ్యాక తెప్పిస్తానని తండ్రి మాటిచ్చాడు. ఈలోగా ఆ పేజీ ఖర్చయిపోకుండా చూసుకోవడం దాని బాధ్యత.

అప్పటినుంచి ఊరి ప్రముఖులకు ఓస్ట్‌మన్ పొలం మీద అకారణంగా ప్రేమ పుట్టింది. గుర్రబ్బండ్లలో వచ్చి, వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడి, పెరట్లోకి వెళ్లి, చాలాసేపటిదాకా వచ్చేవారు కారు. నేనూ వెళ్లాను, అది నిజంగానే పని మీద. టిల్డా తలుపు బయట నిలబడి, "గుర్రపు జీనుల పేజీలు చింపుకోండయ్యా, వెనకవాటి జోలికి పోకండి," అని అందరినీ హెచ్చరించేది.

అయినా ఒకనాడు పేజీ మాయమైంది. ఆ రోజు వచ్చిన బండి ఒక్కటే.

మర్నాడు టిల్డా పాలడబ్బాతో తిన్నగా పెటిబోన్ గారి కొట్టుకు వచ్చింది. స్థానిక వ్యాపారం పట్ల విశ్వాసం గురించి పెటిబోన్ గారు పదిమందికి ఉపదేశిస్తున్నారు. పక్కనే ఆయన భార్య రిబ్బన్లు చుడుతోంది.

"అమ్మగారూ, నిన్న మా దొడ్లోంచి చింపుకొచ్చిన పేజీ మీ పనైపోతే ఇస్తారా?" అంది టిల్డా.

ఉపదేశం మధ్యలో ఆగింది.

"ఏ పేజీ పిల్లా? నాకేం తెలుసు?" అన్నారు అమ్మగారు.

"లాగుల పేజీ. ముందు జీనుల పేజీలు బోలెడున్నాయి. మీరు వెనక్కెళ్లి మరీ చింపారు. వాడుకోడానికైతే ఏదైనా ఒకటేగా."

పెటిబోన్ గారు భార్య వంక చూశారు. ఆమె రిబ్బను చుట్టడం ఆపలేదు. "మన అబ్బాయి లెస్టరుకి అందరూ వేసుకునేది లేకుండా ఎలాగండీ?" అంది. ఆ మధ్యాహ్నమే షికాగోకు ఒకే ఆర్డరు మీద రెండు లాగులకు ఉత్తరం వెళ్లింది. ఓస్ట్‌మన్ కబురందుకుని వచ్చి, కోతల దాకా ఆగకుండా తన కూతురి లాగు ఖరీదు అప్పటికప్పుడే ఇచ్చేశాడు. టిల్డా నెగ్గినందుకు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది, సంఘం కార్యదర్శిగా దాన్ని దాచుకున్నాను.

జూలై నాలుగో తేదీ స్వాతంత్ర్యదిన ఊరేగింపులో సంఘం 'ఉత్తమ చిన్నారి రైతు' పోటీ పెట్టింది. న్యాయనిర్ణేత పెటిబోన్ గారే. బ్యాంకు పిల్లలు, పళ్ల డాక్టరు పిల్లలు, లెస్టరు, అందరూ నీలంగా మెరిశారు. టిల్డా ఆవులు పితికి ఆలస్యంగా వచ్చింది. మోకాలి దగ్గర మాసిక, పట్టీ మీద పేడ. పెటిబోన్ గారు ఆమెను సానుభూతితో పరిశీలించి, "పాపం, చూడ్డానికి రైతులా లేదు," అని పక్కన నిలబెట్టారు. బహుమతిగా బంగారు రంగు పూసిన చెక్కపార లెస్టరుకి దక్కింది.

"దాంతో కలుపు తెగుతుందా?" అని టిల్డా నన్నడిగింది. తెగదన్నాను. "అయితే వాడినే ఉంచుకోనీ," అని, బజార్లో ఊరేగింపు గుర్రాలు వేసిన లద్దె ఎత్తడానికి నిజం పార తెచ్చుకుంది.

ఆనాటి ఫొటో ఇప్పటికీ సంఘం హాల్లో వేలాడుతోంది. మధ్యలో లెస్టరు, కింద 'మన ఊరి శ్రమశక్తి' అని అక్షరాలు. వెనక ఒక మూల ఎవరో వంగుని లద్దె ఎత్తుతుంటారు. వచ్చినవారందరూ లెస్టరు లాగును మెచ్చుకుని, ఆ మూలనున్నది ఎవరని అడుగుతారు. ఎవరో ఫొటోకు అడ్డం వచ్చారని చెబుతాం. ఇంతవరకు ఆ జవాబు విని రెండో ప్రశ్న వేసినవారు లేరు. మీరూ తీరిక చూసుకుని ఒకసారి రండి.