నాలుగో రింగు

"ఇదిగో, కొత్త కుర్చీలో వేసుకోండి" అంటూ ఆ పొద్దున్న సూపర్‌వైజరు భార్య ఓ పూల దిండును సంచిలో కుక్కి ఇచ్చింది.

ఇరవై రెండేళ్లు సైట్లలో ఎక్కీ దిగీ అతని మోకాళ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి. ఆర్నెల్లు కాళ్లావేళ్లా పడితే హెడ్డాఫీసులో డ్రాయింగుల గదికి బదిలీ దొరికింది. ఇవాళ మొదటి పునాది దిమ్మ పోయించి వచ్చేస్తే, రేపణ్నుంచి కుర్చీ.

"ఆఖరి రోజు. ఏదీ నెత్తిమీదకి తెచ్చుకోకండి."

"ఏం తెచ్చుకుంటానే? మూడు రింగులు లెక్కపెట్టి సంతకం పెట్టడమేగా!"

ఆ దిమ్మ మీద ఇనుప స్తంభం నిలబడాలి. స్తంభాన్ని పట్టుకునే నాలుగు లావుపాటి బోల్టులు కాంక్రీటులో పాతుకుని ఉంటాయి. బోల్టుల లాగుడికి దిమ్మ అంచులు పగలకుండా, పైభాగంలో వాటి చుట్టూ మూడు ఇనుప రింగులు కట్టాలని డ్రాయింగు. సూపర్‌వైజరు వంగి చూశాడు. మూడూ ఉన్నాయి. అయినా ఆఖరి రోజు కదా, మనసు ఊరుకోలేదు.

"మేస్త్రీ, ఎందుకైనా మంచిది, ఇంకోటి వెయ్యి."

"ఎందుకు సార్?"

"వెయ్యవయ్యా అంటే!" అని కాంక్రీటు లారీ కోసం గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఈ సూపర్‌వైజరు నోట అదనంగా మూరెడు కట్టుతీగ వాడమన్న మాట కూడా రాడ్ మేస్త్రి ఎన్నడూ వినలేదు. 'ఎక్కడో తేడా ఉంది, పైకి చెప్పట్లేదు' అనుకుని, నాలుగోదానికి తోడు తన తరఫున మరో రెండు కట్టాడు.

కాసేపటికి ఇంజనీరమ్మాయి వచ్చి లెక్కపెడితే ఆరు తేలాయి. కొత్త డ్రాయింగు వచ్చిందేమో, తనకే ఇవ్వలేదేమో! సైట్లో అడిగితే చులకనైపోతానని నేరుగా డిజైనరుకి ఫోన్ చేసింది.

"సార్, సైట్లో ఆరు రింగులు వేశారు. సరిపోతాయాండీ?"

డిజైనరు బస్సులో నిలబడి ఉన్నాడు. తను రాసింది మూడు. ఆరు వేశారంటే పైన పెట్టే యంత్రం బరువు పెరిగి ఉండాలి. తనతో ఒక్కరూ అనలేదు!

"నేను చూసి చెప్తానమ్మా. ఈలోగా ఇంకో రెండు వేయించండి."

సూపర్‌వైజరు లారీని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఎనిమిది ఉన్నాయి.

"ఎవరు వెయ్యమన్నారు?"

"డిజైనరుగారే సార్" అన్నాడు మేస్త్రి.

సూపర్‌వైజరు రింగుల వంక మళ్లీ చూశాడు. అయితే తన అనుమానం నిజమేనన్నమాట! బాధగా మోకాళ్ల మీద కూలబడి తొమ్మిదోది తనే కట్టాడు.

కాంక్రీటు పోశారు. కంకరంతా రింగుల పైనే కూర్చుంది, సిమెంటు నీళ్లు మాత్రం కిందికి కారాయి. కుదిపి దించుదామని వైబ్రేటరు దూరిస్తే, దాని మూతి రెండు రింగుల మధ్య ఇరుక్కుని గింజుకుంది. సరిగ్గా అప్పుడే పెద్ద ఇంజనీరు వచ్చాడు.

"ఇదేంటయ్యా, దిమ్మా, పంజరమా?"

మేస్త్రి అమ్మాయిని చూశాడు. అమ్మాయి డిజైనరుకి ఫోన్ కలిపింది. ఫోన్లో డిజైనరు "సైట్లో వాళ్లే మొదలుపెట్టారండీ" అన్నాడు. చివరికి అందరి చూపులూ సూపర్‌వైజరు మీదే ఆగాయి. అబద్ధం ఆడాలన్నా ఓపిక కావాలి. అతనికి లేదు.

"నాలుగోది నాదేనండీ. మూడు చాలు. భయమేసి వేయించాను. అది చూసి అందరూ భయపడ్డారు."

లారీని ఆపించి, గట్టిపడకముందే కంకర తోడించి, ఆరు రింగులు కోయించి, కడిగించి, మళ్లీ పోయించేసరికి సాయంత్రమైంది. మోకాళ్లు వాచిపోయాయి. ఇక బదిలీ మాట అడిగే ముఖం కూడా లేదనుకున్నాడు. పెద్ద ఇంజనీరు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"తప్పు నాదేనన్న మనిషిని ఇన్నాళ్లకి చూశానండీ. ఇలాంటి దిమ్మలు ఇంకా నలభై ఏడున్నాయి. మీలాంటి వాళ్లని ఆఫీసులో కూర్చోబెడితే ఎలా? మీ బదిలీ ఆపించేశాను."

మర్నాడు రెండో దిమ్మ దగ్గర, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని సూపర్‌వైజరు రింగులు లెక్కపెట్టాడు. మూడు.

"ఇంకోటి వెయ్యమంటారా సార్?" అన్నాడు మేస్త్రి.

"దిండైతే వెయ్యి" అన్నాడతను.