బసవయ్య సింహద్వారం, జాయిస్ ప్రోటీన్

ఇంట్లో ఒక సైంటిస్టు ఉండి, ఆ సైంటిస్టు ఏం చేస్తుందో ఊళ్లో ఒక్కరికీ అర్థం కాకపోవడం కన్నా గొప్ప అదృష్టం ఉంటుందా? నమ్మకం కుదరకపోతే నందిగామ వరప్రసాదరావు మాస్టారిని చూడండి.

రిటైరైన తెలుగు మాస్టారాయన. కూతురు జాయిస్ హైదరాబాదులో ఒక ల్యాబులో ఆరేళ్లుగా ఒకే ఒక్క ప్రోటీన్ మీద పరిశోధన చేస్తోంది. మనిషి కణం చుట్టూ ఒక పొర ఉంటుంది. ఆ పొరలో కూర్చుని చక్కెరను లోపలికి చేరవేసేది ఆ ప్రోటీన్. మాస్టారికి తెలిసింది ఇంతే. ఇంతకు మించి తెలుసుకునే ప్రమాదాన్ని ఆయన ఏనాడూ కొనితెచ్చుకోలేదు.

ఇందులో ఎంత సుఖముందో చూడండి. చుట్టాలు "అమ్మాయి ఏం చేస్తుందండీ?" అంటారు. ఈయన "ప్రోటీన్" అంటారు. "అయితే గుడ్లు తినమంటారు" అని వాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు. చర్చిలో ఆశీర్వాదం గారైతే షుగర్ రిపోర్టు జాయిస్ చేతిలో పెట్టారు. "నేను ఆ డాక్టర్ని కాదండీ" అందామె. "ఇంకెన్నాళ్లు చదువుతావమ్మా" అని జాలిపడి, ఆమె కోసం ప్రార్థన చేసి పంపారు. ఎవరి టైమూ వేస్టు కాలేదు.

ఈ ప్రశాంతతను చెడగొట్టినవాడు మాస్టారి స్నేహితుడు, జగ్గయ్యపేట బసవయ్య. కొత్తిల్లు కడుతున్నాడు. జాయిస్ సెలవుకొచ్చిన రోజునే నందిగామ వచ్చి, పెట్టించబోయే సింహద్వారం గురించే మాట్లాడసాగాడు. మాస్టారు నోరు జారారు.

"మా అమ్మాయి రీసెర్చి కూడా ఒకరకంగా తలుపుల మీదేలే."

"అట్నా! మీ తలుపు ఎట్టా తెరుచుకుద్దమ్మా?"

జాయిస్ కాఫీ కప్పు కింద పెట్టింది. "ముందు బయటివైపు తెరుచుకుంటుంది అంకుల్. చక్కెర వచ్చి కూర్చోగానే అటు మూసుకుంటుంది. అప్పుడే లోపలివైపు తెరుచుకుంటుంది. రెండు వైపులా ఒకేసారి మాత్రం తెరుచుకోదు."

బసవయ్య లేచి నిలబడ్డాడు. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము లోపలికి రాకుండా, ఏసీ చల్లదనం బయటికి పోకుండా ఉండాలంటే ఇంకేం కావాలి? చిల్లకల్లు నుంచి ఎలక్ట్రీషియన్ వీరేంద్రను పిలిపించాడు. సింహద్వారానికి ఒక తలుపు, నాలుగడుగుల లోపల ఇంకో తలుపు. మొదటిది మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోకుండా కరెంటు తాళం.

గృహప్రవేశం నాడు ఆనవాయితీగా ఆవు ముందు నడిచింది. ముట్టె లోపలి తలుపుకు ఆనింది. తోక ఇంకా వీధిలోనే ఉంది. బయటి తలుపు మూసుకోదు, కనుక లోపలిది తెరుచుకోదు. పురోహితుడు గడియారం చూసుకున్నాడు.

"సిస్టం కరెక్టేనండి, ఆవే పొడుగు" అన్నాడు వీరేంద్ర.

"గునపం తెండి" అంది బసవయ్య భార్య భారతీదేవి.

పిలుపు మీద వచ్చిన జాయిస్ నవ్వు ఆపుకోలేక గోడకు చేరగిలబడింది. "మా ప్రోటీనూ అంతే అంకుల్. తనకు సరిపడే చక్కెరనే మోస్తుంది. దూడను పంపండి."

నలుగురు కలిసి ఆవును వెనక్కి నెట్టారు. దూడ లోపలికెళ్లింది. బయటి తలుపు మూసుకుంది, టక్కుమంది, లోపలిది తెరుచుకుంది. దూడ దర్జాగా హాల్లోకి నడిచింది. పెళ్లికొచ్చినట్టు వచ్చిన జనమంతా చప్పట్లు కొట్టారు.

మాస్టారు మాత్రం తలుపుకేసే చూస్తున్నారు.

"అమ్మా జాయిస్, దూడను లోపల దింపేశాక ఖాళీ అయిపోయింది కదా. మరి మీ ప్రోటీన్ మళ్లీ బయటివైపుకి ఎట్లా తిరుగుద్ది?"

జాయిస్ నవ్వు ఆగిపోయింది. తండ్రి ముఖంలోకి చూసింది.

"ఆరేళ్లుగా నేను వెతుకుతోంది అదే నాన్నా. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదు?"

ఆయన అదృష్టం అక్కడితో సరి. మాస్టారు గృహప్రవేశం శుభలేఖ వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీసి, గీసి చెప్పమని కూతురికిచ్చి, అరుగు మీద పక్కకు జరిగి చోటిచ్చారు.