కోసు లోపల చోటు

భూమ్మీద దూరాలన్నిటికీ తల్లి మనిషి గొంతు. ఒకరు కేక వేస్తే మరొకరికి వినబడే మేర కోసు. అటువంటి కోసులు నాలుగైతే ఆమడ. ఇందులో ఉన్న సౌలభ్యం కిలోమీటరులో లేదు. అధికారి చెవిని బట్టి కోసు సాగుతుంది, ముడుచుకుంటుంది.

చిలకలగూడలోని మా క్రైస్తవ గుడి సమాధుల సంఘం ఈ సౌలభ్యాన్ని నేటికీ కాపాడుతోంది. గుడికి కోసు లోపల నివసించేవారికే సమాధుల తోటలో చోటని పాత నియమం. మేముండేది మల్కాజ్‌గిరి. గుడిలోనే పనిచేసే నా భర్త ఏసురత్నం బుధవారం ప్రభువునందు నిద్రించారు. వాళ్లమ్మ పక్కన చోటు అడిగాను. (ఆమె కాలంలో మల్కాజ్‌గిరి దగ్గరగా ఉండేది.)

కార్యదర్శి రోనాల్డ్ గారు ఫోనులో మ్యాపు తెరిచారు.

"టీచరమ్మా, ఇది పదిహేను నిమిషాలు అంటున్నది. కోసు అంటలేదు."

"కోసంటే కేక వినబడే దూరమండీ," అన్నాను. పాఠం చెప్పడం అలవాటు.

"మరి కేక ఎవరేస్తరు?"

మా ఆడపడుచు కాంతమణి ఊరుకోలేదు. "మా అన్నకు చోటియ్యనీకె గింత పరేషానా? నేనే గుడికాడ కేకేస్తా. మీరు ఈడ వినుండ్రి!"

సంఘం ఈ ప్రతిపాదనను పరిశీలించి, మర్యాద దృష్ట్యా తోసిపుచ్చింది. కేకకు బదులు గుడి గంట చాలంది. అది మా ఇంట్లో వినబడితే చోటిస్తారు. రోజూ ఆ గంట విన్నాకే బడికి బయలుదేరేదాన్నని చెప్పాను. (సంబంధీకుల చెవులు సాక్ష్యానికి పనికిరావు.)

మర్నాడు పొద్దున గంట వేళకు వినికిడి ఉపసంఘం మా డాబా ఎక్కింది. కింద ముందుగదిలో, ఐసు పెట్టెలో, ఆయన ఉన్నారు. నిశ్శబ్దం పాటించాలని రోనాల్డ్ గారు పరిసరాలను కోరారు. (బస్సులు నిరాకరించాయి.) సభ్యులు చెవుల వెనక అరచేతులు ఆనించుకున్నారు. వేళ దాటిపోయింది.

రోనాల్డ్ గారు గుడి వాచ్‌మన్ పర్వతాలుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. "ఏందీ, గంట కొడ్తలేరా?"

"ఎవరు కొడ్తరు సార్? కొట్టేటాయన మీరు నిలబడ్డ డాబా కిందనే పండుకున్నడు గద."

రోనాల్డ్ గారు ఫోను నోటికి దగ్గరగా తెచ్చుకున్నారు.

"జెర నువ్వు కొట్టరాదు?"

"నా డ్యూటీ గేటు సార్. గంటకు కమిటీ ఆర్డర్ కావాలె."

గంట కొట్టేవారి నియామకం వేరే ఉపసంఘం పరిధిలోది. అది ఈస్టర్ తర్వాత కూర్చుంటుంది.

కాంతమణి టీ తెచ్చింది. ఉపసంఘం తాగి, మల్కాజ్‌గిరిలో గంట వినబడలేదని రాసి, సంతకాలు చేసింది.