ఐదు షిల్లింగుల బల్లమీద మదపుగిత్త

నేను మాటకారిని కాను. మా కిమిలిలి ఊరి సంతలో ఆవు బేరం కూడా మూడు మాటల్లో ముగిస్తాను: "ఎంత?", "ఎక్కువ", "వస్తా". మా ఆవిడ నంజాలా సంగతి వేరు. ఆవిడ పలకరిస్తే పెరట్లో కోడిపుంజు కూడా నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసిందే.

పెళ్ళయి పదకొండేళ్ళు. ఇన్నేళ్ళలో మా మధ్య ఉన్నది ఒకే ఒక తగాదా. అది ఒక మేక.

మా తెగలో అల్లుడికీ అత్తగారికీ ఎంత మర్యాదంటే, ఆవిడ దారిలో ఎదురైతే నేను పక్కనున్న మొక్కజొన్న చేలోకి దిగిపోవాలి. ఒక కప్పు కింద కూర్చోకూడదు, చేయి కలపకూడదు, మాట విసరకూడదు. అల్లుడు ఒక మేకను తోలుకెళ్ళి ఆవిడ వాకిట కట్టిన రోజున ఈ కట్టు విడుతుంది. అక్కణ్ణుంచి ఆవిడ మన ఇంటికి రావచ్చు, తినవచ్చు, వారాల తరబడి ఉండవచ్చు.

ఆ వారాల దగ్గరే నా కాళ్ళు వెనక్కి పడ్డాయి. అందుకని నా పథకం చాలా చిన్నది. మేకను తోలకపోవడం.

మొదటి ఏడు మేక చూడితో ఉందన్నాను. రెండో ఏడు కుంటుతోందన్నాను. మూడో ఏడు దానికి దగ్గు తెప్పించాను.

"బాబా లుస్వేటి," అంది నంజాలా మొన్నామధ్య. లుస్వేటి నాన్నా అని, మా పెద్దవాడి పేరుతోనే నన్ను పిలుస్తుంది. "తొమ్మిదేళ్ళుగా దగ్గుతున్న మేక ఇంకా బతికే ఉందంటే దాన్ని సంతలో నిలబెట్టి టిక్కెట్లు అమ్మొచ్చు. పోయేదేముంది, మా అమ్మకి ఇచ్చేయకూడదూ?"

"జబ్బు మేకనా? పెద్దావిడకా? తప్పు కదూ," అన్నాను. మర్యాద అడ్డం పెట్టుకుంటే ఎంత దూరమైనా పోవచ్చు.

మధ్యాహ్నం మూడయ్యేసరికి ఎల్గాన్ కొండమీంచి వాన దిగుతుంది. చేలో పని ఆగిపోతుంది. ఆ వేళ నేను ఫోనులో పోకర్ ఆడతాను. ఐదు షిల్లింగుల బల్ల. ఒక్కొక్కరికి రెండు ముక్కలు ఇస్తారు, మధ్యలో ఐదు పరుస్తారు. మంచి జత ఎవరికి కుదిరితే కుప్ప వాళ్ళది. బల్లమీద మొహాలుండవు, పెట్టుడు పేర్లే. నా పేరు "నిదానం".

చిన్న పందెపు బల్లకు ఒక చీడ ఉంది. పోయేది ఐదు షిల్లింగులే గనక ఎవడికీ భయముండదు. మూడు నెలల కిందట మా బల్లమీదికి "మదపుగిత్త" అని ఒకడు దిగాడు. నేను ఇరవై అంటే వాడు రెండు వందలంటాడు. నేను ఆలోచిస్తూ ఉంటే ఉన్నదంతా తోసేస్తాడు. చేతిలో రెండు రాణులున్నా సరే, నా వేలు దానంతట అదే వదిలేస్తుంది. అప్పుడు వాడు ముక్కలు తిప్పి చూపిస్తాడు. నాలుగూ, తొమ్మిదీ! కింద ఒక రాత కూడా: "నిదానంగారూ, దూడల మేత ఆ పక్కన."

నేను బల్ల మారిస్తే వాడూ వెనకాలే వచ్చి కూర్చునేవాడు.

"ఎవరది?" అంది నంజాలా చిక్కుళ్ళు ఒలుస్తూ.

"బుంగోమాలో మోటారు సైకిల్ తోలేవాడెవడో."

"నీకెట్లా తెలుసు?"

"బ్రేకులు లేవు."

"వాడికి బ్రేకులు లేవు, నీకు ఇంజనే లేదు. ఇద్దరూ కలిస్తే ఒక బండి."

"పిచ్చివాడితో ఆడటం నీకేం తెలుసు? మంచి ఆటగాణ్ణయితే ఎప్పుడో ఓడించేవాణ్ణి."

"అంటే చెడ్డవాళ్ళ చేతిలోనే ఓడతావన్నమాట." చిక్కుళ్ళ చేట పక్కన పెట్టింది. "సరే, పందెం. శనివారం ముగిసేలోపు ఆ గిత్తను పడగొడితే మేక మాట నా నోట ఇక రాదు. చచ్చేదాకా రాదు. పడగొట్టలేకపోతే ఆదివారం మేక మా అమ్మ ఉన్న కొండెక్కుతుంది."

చచ్చేదాకా! నేను వెంటనే చేయి కలిపాను.

నేను చదివింది ఏడో తరగతే గాని గిత్తల మధ్య పెరిగాను. మీదికొచ్చే గిత్త ముందు పరుగెడితే పొడుస్తుంది. ఎదురెళితే బాగా పొడుస్తుంది. అరటిచెట్టు వెనక కదలకుండా నిలబడితే అరటిచెట్టును పొడుస్తుంది, కొమ్ము దిగబడి ఇరుక్కుంటుంది. అప్పుడు తీరిగ్గా వచ్చి తాడు వేయొచ్చు. కాబట్టి చెత్త ముక్కలు వస్తే వదిలేయాలి. మంచివి వస్తే నేను పెంచకూడదు, వణుకుతున్నట్టు నటిస్తూ వాణ్ణే తోయనివ్వాలి.

బుధవారం అంతా చెత్తే. గురువారం రాణులు వచ్చాయి గాని పాత అలవాటు కొద్దీ వదిలేశాను. శుక్రవారం మళ్ళీ చెత్త. గిత్త రాసింది: "నిదానంగారూ, ఊపిరుందా? లేకపోతే చెప్పండి, శవపేటికకు చందాలు పోగు చేస్తాం."

శనివారం వాన తొందరగా మొదలైంది. నంజాలా పొయ్యిమీద ఉగాలీ, అదే మా మొక్కజొన్న సంకటి, పెట్టి, "కలుపుతూ ఉండు, ఆవు కట్టుతాడు ఒకసారి చూడు," అని చెప్పి పక్కింటికి వెళ్ళింది.

అప్పుడే నా చేతికి రెండు రాజులు వచ్చాయి.

గరిటె ఒక చేతిలో, ఫోను ఒక చేతిలో. నేను ఐదు పెట్టాను. గిత్త వంద అంది. కాసేపు వణికి, వంద ఇచ్చాను. మధ్యలో మూడు ముక్కలు పడ్డాయి, వాటిలో ఒకటి రాజు! పొయ్యిమీంచి మాడు వాసన వచ్చింది. ఉగాలీ పోతే మళ్ళీ వండొచ్చు, మూడు రాజులు మళ్ళీ రావు. కిటికీలోంచి చూస్తే ఆవు తాడు తెంపుకుని నంజాలా ఆకుకూర మడిలో నిలబడి ఉంది. నాకేసి చూసింది. నేనూ చూశాను. ఇద్దరం ఎవరి పని వాళ్ళు చేసుకున్నాం.

గిత్త ఉన్నదంతా తోసింది.

నా వేలు వదిలేసే మీటవైపు పోబోయింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, ఉన్నదంతా నేనూ తోశాను. ముక్కలు తిరిగాయి. గిత్త చేతిలో ఏడూ, రెండూ. ఈ ఆటలో అంతకంటే బీద చేయి లేదు. కుప్పంతా నాది!

పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరినీ ఒక్క మాట అన్నవాణ్ణి కాను. కాని మూడు నెలల మంట లోపల కుతకుతలాడుతోంది. రెండు వేళ్ళతో టకటకా కొట్టాను: "ఓ పళ్ళూడిన ముసలి గిత్తా! మీ అమ్మ నీకు సిగ్గు నేర్పలేదా? ఇంటికెళ్ళి గంజి తాగి పడుకో!"

నంజాలా వచ్చేసరికి పొయ్యిలోంచి పొగ, మడిలో ఆవు, మధ్యలో నేను గరిటె ఎత్తి పట్టుకుని గంతులు వేస్తున్నాను.

"పడగొట్టాను!"

ఆవిడ అరవలేదు. అది చూసే నేను జాగ్రత్తపడి ఉండవలసింది. నా ఫోను తీసుకుని చదివింది, రెండోసారి నెమ్మదిగా చదివింది. తన ఫోను తీసి చెవికి పెట్టుకుంది.

"మాయీ, చూశావా?... ఆఁ, పళ్ళ సంగతి కూడా చదివా... గంజి సరేలే, అది మంచిదే... అలాగే, పెద్దాయన కుకాకు చూపించు."

"ఎవరికి ఫోను?" అన్నాను.

"మా అమ్మకి."

"మీ అమ్మకి పోకర్ ఏమిటి?"

"వాన ఆ కొండమీదా పడుతుంది, బాబా లుస్వేటి."

గరిటె కింద పెట్టాను. మూడు నెలలుగా నేను కూర్చున్నది ఎవరి ఎదురుగానో, ఇప్పుడు నోరు పారేసుకున్నది ఎవరి మీదో మెల్లగా తలకెక్కింది. దిగిపోదామంటే ఇంట్లో మొక్కజొన్న చేను లేదు.

"అయితే నువ్వు గెలిచావు," అంది నంజాలా. "మేక మాట నేనెత్తను."

ఎత్తలేదు కూడా. ఆదివారం పొద్దున్నే మా వంశపు పెద్ద, అందరికీ తాత వరసైన కుకా ముఖ్వానా చేతికర్రతో, అత్తగారి ఫోనుతో వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు.

"ఆవిడతో ఒక బల్లన కూర్చున్నావట."

"కనబడలేదు కుకా!"

"పక్కవాడి అరటిగెల కోసినవాడు కూడా చీకట్లో కనబడలేదనే అంటాడు." కళ్ళద్దాలు ముక్కు చివరికి జరిపి చదివాడు. "పళ్ళూడిన... ఊఁ. పళ్ళు ఊడిన మాట నిజమే. నిజమైతే మాత్రం అల్లుడు చెప్పాలా? మళ్ళీ ఆవిడ తల్లి దాకా వెళ్ళావు. ఆ తల్లి పోయి ముప్ఫై ఏళ్ళు, పడుకున్నదాన్ని లేపి మరీ తిట్టావు."

కుకా చేతికర్ర నేలమీద ఒకసారి కొట్టాడు.

"కూర్చున్నందుకు మేక. నోరు జారినందుకు దుప్పటి. కాస్త మందంగా ఉండేది చూడు, ఆ కొండమీద చలి."

"నువ్వయినా ఏదో ఒకటి చెప్పవే!" అన్నాను నంజాలాతో.

ఆవిడ పైకప్పు చూస్తూ, "మాటిచ్చాను కదా," అంది.

ఆ సాయంత్రమే నంజాలా, కుకా వెంట రాగా మేకను తోలుకుని, దుప్పటి భుజాన వేసుకుని కొండెక్కాను. మేక హుషారుగా నాకంటే ముందు నడిచింది. అత్తగారు వాకిట్లో నిలబడి ఉన్నారు. పదకొండేళ్ళ తర్వాత ఆవిడ మొహం అప్పుడే సూటిగా చూశాను. నవ్వితే కళ్ళు నంజాలావే. కుకా అనవలసిన నాలుగు మాటలు అన్నాక ఆవిడ నా చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు.

"అల్లుడా, గురువారం మంచి ముక్కలు వదిలేశావు కదూ?" ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట ఇది.

"మీకెట్లా తెలుసు?"

"చెత్తయితే టక్కున పడేస్తావు. మంచివైతే కాసేపు ఏడ్చి పడేస్తావు."

మూడు నెలలు ఆవిడ గిత్తలా మీదపడుతూనే నన్ను అంత నిదానంగా చూశారన్నమాట. నాకు కోపం రాలేదు. బల్లకు అవతల ఇలాంటి మనిషి ఉందని తెలిస్తే ఓడిపోవడంలో చిన్నతనమేమీ లేదు.

"అంత తెలిసినవారు ఏడూ రెండూ పట్టుకుని నా రాజుల మీదికి ఎందుకొచ్చారు?"

ఆవిడ దుప్పటి ఒళ్ళో పరుచుకుని మందం వేలితో నొక్కి చూసుకున్నారు.

"నేను గెలిస్తే మేక ఒక్కటే వచ్చేది కదయ్యా. నువ్వు ఓడితే నోరు మూసుకుంటావు, గెలిస్తే మూసుకోలేవని నా కూతురు చెప్పింది."

నంజాలా కోడికూర గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. మాలో కోడి కందనకాయ ఇంట్లో పెద్ద మగవాడిది. అత్తగారు గిన్నెంతా వెతికి, దాన్ని గరిటెతో తీసి నా పళ్ళెంలో వేశారు. తిన్నాను. మెత్తగా, ఉప్పు సరిపోయి, చాలా బాగుంది.