వచ్చినట్టు సంతకం

శుక్రవారం పొద్దున్న ఆరింటికల్లా సింహాచలం మాస్టారు సామాను సర్దేసుకున్నాడు. రెండు ట్రంకుపెట్టెలు, ఒక పరుపుచుట్ట, పదకొండేళ్ళుగా అన్నం, పప్పు వండి, అప్పుడప్పుడూ టీ కూడా కాచి ఇచ్చిన రైస్ కుక్కరు. అన్నింటినీ తాళ్ళతో బిగించి, ఈతలపుట్టు హైస్కూలు ఆఫీసు గదిలో గుమ్మం పక్కన వరసగా నిలబెట్టాడు. మధ్యాహ్నం మీటింగు అయిపోతే జీపులో అరకు, అక్కణ్ణించి చోడవరం. అక్కడ సొంత ఇల్లు, సొంత మంచం, భార్య నూకరత్నం చేతి చారు. అంతకుమించి ఆయన దేవుణ్ణి ఏమీ అడగలేదు.

అడగాల్సింది దేవుణ్ణి కాదు, ఊరివాళ్ళను. అదే చిక్కు. ఈతలపుట్టు బడిని అకాడమీగా మార్చాలని పైనుంచి వచ్చింది. మార్చేముందు గ్రామస్థుల అభిప్రాయం అడగాలని రూలు. అడగాలని ఉందిగానీ వినాలని ఎక్కడా లేదు. ఆ అభిప్రాయం ఏకగ్రీవంగా ఉండేలా చూస్తే, హెడ్మాస్టరు సింహాచలానికి కొండ దిగి మైదానానికి బదిలీ ఖాయమని డివిజన్ ఆఫీసు నుంచి లక్ష్మీప్రసాద్ గారు ఫోన్లో చెప్పాడు.

అందుకే మాస్టారు శుక్రవారం ఎంచుకున్నాడు. శుక్రవారం అరకు సంత. ఆ రోజు ఊళ్ళో కదలలేని ముసలివాళ్ళూ, కోళ్ళూ తప్ప ఎవరూ మిగలరు. ఓ నలభై వేలిముద్రలు చాలు. 'గ్రామస్థులందరూ హర్షధ్వానాల మధ్య ఏకగ్రీవంగా ఆమోదించారు' అని మొదటి పేజీ ముందే టైపు చేయించి ఉంచాడు. రెండో పేజీ మీద 'హాజరు' అన్న ఒక్క ముక్కా, కింద గీతలూ. ఏ గొడవా లేదు.

ఇక మిగిలింది నోటీసు. అంటించాలన్నది రూలు కాబట్టి అంటించాడు, వంటగది వెనక కట్టెల మోపుల చాటున. కానీ మధ్యాహ్న భోజనం వండే సరళ ఆ పొద్దున్న నాలుగు మోపులు ఒకేసారి లాగేసింది. గోడ మీద కాగితం బయటపడింది. తడికి సగం అక్షరాలు చెరిగిపోయాయి. 'పాఠశాల' కనపడింది, 'మార్చుట' కనపడింది. ఆమె గరిటె పారేసి రోడ్డుకు పరుగెత్తింది.

"ఓలమ్మో, బడి మార్చేత్తన్నారంట!"

ఈతలపుట్టులో మార్చడమంటే ఒకటే అర్థం. ఇక్కడున్నది ఎత్తి అక్కడ పెట్టడం. పశువుల పాక అలాగే మారుస్తారు, పొయ్యి అలాగే మారుస్తారు. కబురు సంత దారి పట్టుకుని పోయింది. సీతాఫలాల కావిళ్ళు, పసుపు మూటలు, కోళ్ళ గంపలు ఎక్కడివక్కడ వెనక్కి తిరిగాయి. పది గంటలకు మాస్టారు బయటికొచ్చి చూస్తే నలభై మంది కాదు, రెండొందల పైచిలుకు జనం. పక్కూళ్ళు పనసవలస, రేగగుడ కూడా దిగిపోయాయి. పనసవలస మగవాళ్ళ చేతుల్లో గునపాలు.

"రేకులు మేవే దింపుకుంతాం మేస్టారూ. మీరు కుర్సీలో కూకోండి సాలు," అన్నాడు ఆ ఊరి యర్రయ్య.

"ఏ రేకులయ్యా?"

"బడి రేకులే. మా ఊరికి మార్సడానికే గదా మీటింగు?"

"మీ ఊరికేటి? మాకు బోరింగు ఉంది, మా ఊరికే రావాల!" అని రేగగుడ ఆడవాళ్ళు లేచారు. "ఎవులి ఊరికీ రాదు, ఇక్కడ్నించి ఇటికిరాయి కదిపితే సూడండి!" అని ఈతలపుట్టు ఆడవాళ్ళు కొంగులు బిగించారు.

సరిగ్గా ఆ సమయానికే లక్ష్మీప్రసాద్ గారి జీపు వచ్చింది. గునపాలు చూసి డ్రైవరు దూరంగానే ఆపేశాడు. అధికారి అద్దం నాలుగువేళ్ళ మేర దించాడు.

"ఏంటండీ సింహాచలం గారూ? నలభై మంది అన్నారు?"

"ఉత్సాహం సార్," అన్నాడు మాస్టారు చెమట తుడుచుకుంటూ.

గునపాలు కింద పెట్టించి, అందర్నీ ఆవరణలో కూర్చోబెట్టేసరికి గంట పట్టింది. మార్చడమంటే ఎత్తుకుపోవడం కాదనీ, బడి ఉన్నచోటే ఉంటుందనీ, ఉన్నచోటే అకాడమీ అయిపోతుందనీ మాస్టారు గొంతు పోయేలా చెప్పాడు. రేకులు రావని తెలిసి పనసవలసవాళ్ళ మొహాలు వాడిపోయాయి. అప్పుడు ఈతలపుట్టు పెద్ద సుక్రు లేచాడు. ఆయన మనవరాలు కనక అదే బడిలో తొమ్మిదో తరగతి. చదువులో బడి మొత్తానికి ఫస్టు.

"అకాడమీ అంతే ఏటి బాబూ?"

అధికారి నోరు తెరిచేలోపే వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "నాకు తెల్సు! మా రవిబాబు పోలీసు టైనింగు అయినాడు. అకాడమీలోనే!"

అంతే, గోల.

"పోలీసు కేంపు ఎట్టేత్తారు!"

"బేగి లెగండర్రా! పిల్లగుంటల్ని ఇంటికి తోలీయండి!"

సగం ఆవరణ లేచి గేటుకేసి కదిలింది. మాస్టారు గేటుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. "పోలీసులు కాదర్రా, నా తల్లుల్లారా! చదువే! ఒట్టు! ఇప్పటికంటే మంచి చదువు చెప్తారు!"

"అలాగా," అన్నాడు సుక్రు తాపీగా. "మరి పదకొండేళ్ళ బట్టి మీరు సెప్పినదేటి మేస్టారూ?"

లక్ష్మీప్రసాద్ గారికి పొరబోయింది. సింహాచలానికి చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. నిజమే మరి, పదకొండేళ్ళూ ఒళ్ళు దాచుకోకుండా చెప్పాడు. లెక్కల టీచరు లేకపోతే లెక్కలు, హిందీ టీచరు లేకపోతే హిందీ, తనకు రానిదంతా కూడా తనే చెప్పాడు. ఇప్పుడు తన నోటితోనే అది మంచిది కాదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

"మా కనక ఆ అకాడమీలోనే సదువుతాదా?" సుక్రు వదలలేదు.

"పరీక్ష పెడతారు. జిల్లా మొత్తమ్మీద పాసైనవాళ్ళకే సీటు," అన్నాడు అధికారి.

"పాసవనోల్లు?"

"వాళ్ళని సర్దుబాటు చేస్తాం."

"సర్దుబాటు అంతే ఏటి?"

"కింద ఇరవైనాలుగు కిలోమీటర్ల దూరంలో మంచి స్కూలుంది."

"బస్సుందా?"

"ప్రతిపాదన ఉంది."

సుక్రు జనంకేసి తిరిగి తమ కువి భాషలో నాలుగు మాటలు చెప్పాడు. జనం నాలుగు మాటల్లో జవాబిచ్చారు. "వద్దంట బాబూ. ఈ బడే ఉంచండి. ఈ మేస్టార్నే ఉంచండి," అన్నాడు. గ్రామస్థులు చర్చలో ఆసక్తిగా పాల్గొన్నారని అధికారి రాసుకున్నాడు.

"మీ మాట పైకి చెప్తాం. ఇదుగో, వచ్చినట్టు సంతకాలు పెట్టండి," అని మాస్టారు రెండో పేజీ తీశాడు.

రెండొందల మంది చేతులు వీపుల వెనక్కి పోయాయి.

ఆ చేతులకు కారణం ఉంది. ఆరేళ్ళ క్రితం ఊరి పక్క గెడ్డవాగు మీద కరెంటు ప్రాజెక్టు అంటూ కొందరు వచ్చి, బిస్కెట్ పేకెట్లు పంచి, వచ్చినట్టు సంతకాలు తీసుకున్నారు. మూడు నెలలకు ఆ సంతకాలపైన 'భూములివ్వడానికి మాకు సమ్మతమే' అన్న వాక్యం మొలిచింది. అప్పట్నించీ ఈతలపుట్టుకు ఒక కట్టుబాటు. ఊరికి ఏ అధికారి వచ్చినా ముందు ఊరి పుస్తకంలో ఆయన సంతకం పెట్టాలి, వచ్చినట్టు. ఆ తరవాతే ఊరు ఆయన కాగితం ముట్టుకుంటుంది. పుస్తకం రాసేది ఆ ఊరి ఆడపిల్లే, అదే బడిలో కాంట్రాక్టు టీచరు కృపావతి.

"ముందు మీరెట్టండి సార్," అంటూ ఆమె పాలిథిన్ కవర్లోంచి లాంగ్ నోట్‌బుక్ తీసి బల్లమీద తెరిచింది. గాలికి పేజీ ఎగరకుండా పై సగం మీద అరచెయ్యి ఆనించి పట్టుకుంది. కొండమీద మబ్బు దిగుతోంది. ఘాట్‌రోడ్డు తలచుకుని అధికారి గడియారం చూశాడు. వంటగదిలో బొంగులో ఉడుకుతున్న కోడి వాసన వస్తోంది. ఆయన పెన్ను తీసి సంతకం గీకేశాడు. పక్కన మాస్టారు సంతకం చేసి, దాని మీద బడి ముద్ర కూడా దబ్బున గుద్దాడు. కాగితం కనపడితే చదవకముందే ముద్ర వేయడం ఆ చేతికి ఉద్యోగం నేర్పిన విద్య.

ఇక ఊరు వరస కట్టింది. నలభై గీతలూ నిండిపోయి, అంచులూ వెనకవైపూ కూడా వేలిముద్రలతో నిండిపోయాయి. చివర్న కనక వచ్చింది. ఆ పిల్లకు ఆరో తరగతిలో గుండ్రటి రాత నేర్పింది సింహాచలమే.

"సార్, ఇది వచ్చినట్టే గదా?"

మాస్టారు ట్రంకుపెట్టెలకేసి చూశాడు. "వచ్చినట్టే తల్లీ," అన్నాడు.

పిల్ల నమ్మింది. గుండ్రంగా పేరు రాసింది. ఛీ, ఏం బతుకురా ఇది అనిపించింది ఆయనకు. అలా ఓ నిమిషం అనిపించింది. తరవాత కోడి వడ్డించారు.

కాగితాలు పైకి వెళ్ళి వచ్చేదాకా పది రోజులు ఆగమని చెప్పి అధికారి వెళ్ళిపోయాడు. మాస్టారు సామాను విప్పలేదు. రైస్ కుక్కరు తాడు విప్పితే బదిలీ ఆగిపోతుందేమోనని సరళ వండిన మధ్యాహ్న భోజనమే రెండు పూటలా తిన్నాడు. పన్నెండో రోజున ఉత్తర్వు వచ్చింది. నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని పూర్తిచేశాడు.

ఈతలపుట్టు విషయమై రెండు తీర్మానాలు అందినవట. ఒకటి హెడ్మాస్టరు పంపినది, రెండోది కృపావతి ఊరి పుస్తకంలోంచి జెరాక్సు తీయించి రిజిస్టరు పోస్టులో పంపినది. ఆమె అరచెయ్యి కింద దాక్కున్న ఆరు వరసలూ అందులో ఉన్నాయి. 'మాకు అకాడమీ వద్దు. ప్రస్తుత పిల్లలందరూ పదో తరగతి పాసయ్యేవరకు హెడ్మాస్టరు గారు ఈ ఊరు వదలరు. ఇందుకు కింద సంతకం చేసినవారు సమ్మతించినారు.' కింద సంతకాలు రెండే. అధికారిది, హెడ్మాస్టరుది. ముద్రతో సహా.

పై ఆఫీసు చాలా న్యాయంగా ఆలోచించింది. అకాడమీ కావాలన్నవారు రెండొందల పన్నెండు మంది, వద్దన్నవారు ఇద్దరు. కాబట్టి అకాడమీ మంజూరు. ప్రభుత్వ విధానాన్ని వ్యతిరేకించినందుకు లక్ష్మీప్రసాద్ గారికి సంజాయిషీ నోటీసు. రెండో అంశం మీద ఎవరికీ అభ్యంతరం లేనందున, స్వచ్ఛందంగా సమ్మతించిన హెడ్మాస్టరు సింహాచలం బదిలీ రద్దు. ప్రస్తుత పిల్లలందరూ పదో తరగతి పాసయ్యేవరకు ఆయన అక్కడే కొనసాగవలెను. పిల్లలను మాత్రం వెంటనే వేరే పాఠశాలలో సర్దుబాటు చేయవలెను.

కాగితం పట్టుకుని ఆయన కృపావతి మీదికి వెళ్ళాడు. "నన్ను మోసం చేశావు కదమ్మా!"

ఆమె ఉత్తర్వు చదివింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేస్టారుంటే బడి ఉన్నట్టే అనుకున్నాం సార్. మిమ్మల్ని ఉంచితే పిల్లల్నీ ఉంచుతారనుకున్నాం." కాగితం తిరిగి ఇచ్చేస్తూ అడిగింది. "మరి మీరు మా సంతకాల మీద ఏటి రాశారు సార్?"

ఆయన ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

డిసెంబరు వచ్చింది. గేటు మీద అకాడమీ బోర్డు వచ్చింది. టీచర్లు రాలేదు, పరీక్షా జరగలేదు. కృపావతి కాంట్రాక్టు పొడిగించలేదు. మగపిల్లలు కొందరు కింది హాస్టల్లో చేరారు, ఆడపిల్లల హాస్టల్లో ఖాళీల్లేవు. ఫోన్లో నూకరత్నం ఎప్పుడొస్తారని అడగడం మానేసి, తిన్నారా అని మాత్రం అడుగుతోంది. ఒకరోజు ఉత్తర్వును ఇరవయ్యోసారి చదువుతూ సింహాచలం 'అందరూ' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. అందరూ పాసవ్వాలి. ఒక్కరు చదువు మానేసినా తను చోడవరం మొహం చూడడు.

తొమ్మిదో తరగతి పుస్తకాలు చంకన పెట్టుకుని కాఫీ తోటకు పరుగెత్తాడు. కనక నడుముకు బుట్ట కట్టుకుని ఎర్రటి పళ్ళు కోస్తోంది. పక్క వరసలో సుక్రు.

"కనకా, బడికెళ్ళవే తల్లీ! నీకు దణ్ణం పెడతాను. నువ్వు పది పాసైతేగానీ నన్ను వదలరే!"

"ఇరవైనాలుగు కిలోమీటర్లు ఎలాగెల్లాలి సార్?" అంది కనక. అంతలోనే దాని మొహం వెలిగింది. "మీరిక్కడే ఉన్నారు గదా. మన బడిలోనే మీరే సెప్పీయొచ్చు గదా సార్!"

మాస్టారి చేతిలో పుస్తకాలు బరువెక్కాయి. "పరీక్ష రాయనివాళ్ళను అకాడమీలో కూర్చోపెట్టకూడదమ్మా," అన్నాడు. "రూలు."

కనక మళ్ళీ కొమ్మ వంచింది. సుక్రు బుట్ట దించలేదు, ఆయన వైపు చూడనూ లేదు.

"మీ ఆపీసరు బాబే సెప్పారు గదా మేస్టారూ, సర్దుబాటని. సర్దుకోండి."

సింహాచలం బడికి తిరిగొచ్చి, రైస్ కుక్కరుకు కట్టిన తాడు విప్పాడు. హాజరు పట్టీ తెరిచి విద్యార్థులు సున్నా, ఉపాధ్యాయులు ఒకరు అని రాసి, కింద సంతకం పెట్టాడు, వచ్చినట్టు.