మైనస్ తొమ్మిది ముఠా

"నా కన్నుగప్పి తప్పించుకున్న నేరస్థుడు ఇంతవరకూ లేడు, ఇక పుట్టబోడు," అంటూ మా బావ గడియారాలు చూసే అద్దాన్ని ఒక కంటికి బిగించుకుని, రెండో కన్ను మూసుకుని, వీధి గుమ్మమనుకుని బీరువా తలుపు తీశాడు.

బావ గడియారాలు బాగుచేస్తాడు. తీరిక వేళల్లో డిటెక్టివు. ఇంతవరకూ ఎవరూ కేసు ఇవ్వలేదు గనుక ఓటమి ఎరుగడు. ఆ పొద్దున మాత్రం కేసు సొంత ఇంట్లోనే పుట్టింది. నిందితురాలు ఆయన కూతురు.

ముందురోజు బడిలో లెక్కల మేడమ్ బోర్డు మీద 3x + 6 = 21 అని రాసి, మనసులో చేసి జవాబు మాత్రం చీటీ మీద రాయమంది. క్లాసంతా అయిదు రాస్తే, మా మేనకోడలూ చివరి బెంచీ కుర్రాడూ మైనస్ తొమ్మిది రాశారు. ఇద్దరికీ ఒకే తప్పు రావడం వెయ్యికోసారి కూడా జరగదని, ఇది కాపీయేనని మేడమ్ అనుమానం. సాయంత్రంలోగా తేలకపోతే గణిత పోటీ నుంచి ఇద్దరి పేర్లూ తీసేస్తారు. పిల్ల పొద్దుట్నుంచి ముద్ద ముట్టలేదు. బావ వెంట వెళ్లి పరువు కాపాడమని అక్క నన్ను పంపింది.

ఖాళీగా ఉన్న క్లాసులో బావ ఆ లెక్కని అదే చోట మళ్లీ రాయించాడు. కూతుర్ని బోర్డు దగ్గర నిలబెట్టి మెట్టుమెట్టుగా చెయ్యమన్నాడు. ఇరవై ఒకటిలోంచి ఆరు తీసేస్తే పదిహేను, దాన్ని మూడుతో భాగిస్తే అయిదు అని పిల్ల తడుముకోకుండా చెప్పింది. మరి నిన్న మైనస్ తొమ్మిది ఎలా వచ్చిందని మేడమ్ అడిగితే, తనకీ తెలియడం లేదని కళ్లనీళ్లు పెట్టుకుంది.

బావ గొంతు సవరించుకున్నాడు.

"లెక్క తెలిసినవాళ్లు తప్పు రాస్తే అది తప్పు కాదు మేడమ్, సంకేతం. తొమ్మిదిని తలకిందులు చేస్తే ఆరు. ఆ ఆరు లెక్కలోనే ఉంది. ఇది పెద్ద ముఠా. నాయకురాలు మా అమ్మాయే అయ్యుండాలి."

"బావా, నువ్వు ఏ పక్షం?" అన్నాను.

ఆయన సత్యం పక్షమట. ముఠాకి సైగలు బోర్డు పైనున్న వెంటిలేటర్లోంచి అందుంటాయని తేల్చి, మేడమ్ వద్దంటున్నా కుర్చీ ఎక్కాడు. నేను తలెత్తుకోలేక కిటికీ పక్క వరుసలో చివరి బెంచీ మీద కూలబడ్డాను. ఎండ పడుతుందని ఆ వరుసలో మేనకోడలూ ఆ కుర్రాడూ తప్ప ఎవరూ కూర్చోరట.

వెంటిలేటర్లోంచి పావురం ఒకటి బావ మొహం మీదికి ఎగిరింది. కుర్చీ ఓ పక్కకి, బావ ఇంకో పక్కకి. వీపుతో బోర్డంతా తుడుచుకుంటూ జారి నేలమీద కూర్చున్నాడు. లెక్క మొత్తం ఆయన చొక్కాకి అంటుకుపోయింది. బోర్డు మీద, సరిగ్గా ఇరవై ఒకటి ఉన్న చోటికి ముందు, ఒక్క మైనస్ గుర్తు మాత్రం మిగిలింది.

"మేడమ్, ఆ మైనస్ చెరగలేదేంటండీ?" అన్నాను.

మేడమ్ వేలితో రుద్ది చూసింది. అది సుద్దగీత కాదు, బోర్డు మీద గీరుడు. దగ్గర్నుంచి కంటికి ఆనదు. కిటికీ వెలుగులో మా వరుసకి మాత్రం తెల్లగా మెరుస్తోంది. మేడమ్ నా పక్కన వచ్చి కూర్చుని తనలో తనే చేసుకుంది. మైనస్ ఇరవై ఒకటిలోంచి ఆరు తీసేస్తే మైనస్ ఇరవై ఏడు. మూడుతో భాగిస్తే మైనస్ తొమ్మిది.

"వాళ్లకి కనపడిన లెక్కకి వాళ్లు సరిగ్గానే చేశారండీ," అంటూ లేచి వెళ్లి పిల్ల తల నిమిరింది. ఆ కుర్రాడికి తనే స్వయంగా చెప్తానంది.

బావ లేస్తూ, తాను కావాలనే పడ్డానని ప్రకటించాడు.

ఇంటిదారిలో బావ కూతురి పక్కకి చేరాడు. మెల్లిగా గొణిగాడు.

"నువ్వు కాపీ కొట్టవని నాకు ముందే తెలుసమ్మా."

"మరి ముఠా నాయకురాలినన్నావు కదా నాన్నా?"

"పరిశోధకుడికి కూతురంటూ ఉండదు తల్లీ."

"ఈ మాట అమ్మకి చెప్పనా?"

బావ ఆగిపోయాడు. అద్దం తీసి జేబులో వేసుకుని, కూతురి పుస్తకాల సంచీ అందుకుని భుజాన తగిలించుకున్నాడు.